కదలలేనివారికి మితాహారము



కూర్చుండి తినినచో కొండలైనను కరగునని మన సామెత. అది ధనమును గూర్చి పెద్దలు చెప్పిన మాట. దేహము విషయమున ఆ సామెత తలక్రిందులగును. కూర్చుండి తినువానికి కొండ కరగదు; పెరుగును. ఈ మాట పరిహాసమునకై చెప్పుటలేదు. ముప్పదియారేండ్లు బడిలో నిలుచుండి పాఠములు చెప్పిన నాకు, ఉద్యోగము విరమించిన పిదప రెండు మోకాళ్లును అరిగినవని వైద్యులు చెప్పిరి. నేడు వీధియరుగు దిగి నూరు గజములు పోవలెనన్న చేతికర్ర కావలెను. నావంటివారు ప్రతి గ్రామమునను ఉన్నారు. మోకాళ్లు పట్టినవారు, పక్షవాతము సోకినవారు, తుంటి యెముక విరిగి మంచమెక్కినవారు, నడుము వంగక బాధపడువారు, వీరందరికిని వైద్యులు చెప్పు మొదటి మాట ఒక్కటే: బరువు తగ్గవలెను. నడవలేనివాడు బరువు తగ్గుటెట్లు? బరువు తగ్గనిదే నడచుటెట్లు? ఈ ముడిని విప్పుకొను మార్గమును గూర్చి నాకు తెలిసిన నాలుగు మాటలు ఈ పూట మనవి చేసెదను.

ముందుగా ఒక శుభవార్త. బరువు తగ్గుటకు నడకయే ముఖ్యమని అనేకులు తలంతురు. నడక ఆరోగ్యమునకు మంచిదే, సందేహము లేదు. కాని బరువును తగ్గించు విషయమున కాళ్లకంటె కంచమునకే అధికారము ఎక్కువ. అరగంట నడచి కరిగించినదంతయు రెండు గారెలతో మరల వచ్చి చేరును. కావున కాళ్లు ఆడనివారు నిరాశ చెందవలసిన పనిలేదు. చేయి నోటివరకు పోవు మనిషికి ఈ సాధన చేతిలోనే ఉన్నది. అయితే ఇందులో ఒక మెలకువ గలదు. నా ప్రసంగమంతయు ఆ మెలకువను గూర్చియే. తగ్గవలసినది కొవ్వు, కండ కాదు. ఈ రెంటికిని భేదము తెలియక బరువు తగ్గించుకొన్నవాడు తన ఇంటిని తానే పీకి కట్టెలమ్ముకొన్నవానితో సమానుడు.

బరువు ఎట్లు పెరుగునో మొదట చూతము. ధాన్యమును తూచుటకు కిలో ఎట్లున్నదో, ఆహారమునందలి శక్తిని కొలుచుటకు కెలోరీ అట్లున్నది. పొలములో ఒక మోస్తరు శ్రమచేయు పురుషునకు దినమునకు సుమారు 2700 కెలోరీలు కావలెను. అరువదియేండ్లు దాటి, తరచు కూర్చుండియే ప్రొద్దుపుచ్చు పురుషునకు సుమారు 1700, స్త్రీకి సుమారు 1500 చాలును. కుర్చీకో మంచమునకో పరిమితమైనవారికి అంతకంటెను తక్కువ సరిపోవును. 2700కును 1700కును భేదము 1000. నూరు గ్రాముల బియ్యములో సుమారు 350 కెలోరీలు గలవు. అనగా అరక విడిచి అరుగెక్కిన రైతు తన పూర్వపు భోజనములో పావుకిలోకు మించిన బియ్యమంత విడువవలసియున్నది. ఆయన అరకను విడిచెను గాని ముద్దను విడువలేదు. శ్రమ తగ్గినచో ఆకలియు కొంత తగ్గును. అలవాటు మాత్రము తగ్గదు. మిగిలిన శక్తిని దేహము పారవేయదు. జాగ్రత్తగల గృహస్థు గాదెలో ధాన్యము పోసికొన్నట్లు, కొవ్వుగా మార్చి నడుముచుట్టు దాచుకొనును.

ఈ కొవ్వు మోకాళ్లకు చేయు కీడు చిన్నది కాదు. మోకాళ్ల అరుగుదల గల స్థూలకాయులను పరీక్షించి 2005లో అమెరికాలోని వైద్యశాస్త్రజ్ఞులు ఒక విషయమును ప్రకటించిరి. దేహమున ఒక కిలో తగ్గినచో, అడుగు వేసిన ప్రతిసారి మోకాలిపై పడు భారము నాలుగు కిలోలు తగ్గునట. ఐదు కిలోలు తగ్గినవాని మోకాలు అడుగడుగునకు ఇరువది కిలోల బరువును దించుకొన్నదన్నమాట. కావున యౌవనమునాటి నడుము మరల రావలెనని ఆశింపనక్కరలేదు. ఎనుబది కిలోల మనిషి నాలుగైదు కిలోలు తగ్గినను మేలే. మోకాలికి ఊరట కలుగును. రక్తపుపోటు, మధుమేహము కొంత అదుపులోనికి వచ్చును.

మన ప్రాచీనులు ఈ విషయమును ఎరుగనివారు కారు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము ఈ స్థూల కృశ శరీరములను గూర్చినదే. అతిస్థూలునకు కలుగు దోషములలో ఆయుర్హానిని, జవోపరోధమును, అనగా చురుకుగా కదలలేకపోవుటను, దౌర్బల్యమును కూడ ఆచార్యుడు చెప్పియున్నాడు. స్థూలునకు దౌర్బల్యమేమి అని అడుగవచ్చును. అతనికి మేదస్సు ఒక్కటియే వృద్ధిపొందును గాని తక్కిన ధాతువులు ఆ విధముగా వృద్ధిపొందవని అచ్చటనే సమాధానమున్నది. నేటి వైద్యులు కొవ్వు వేరు, కండ వేరు అని చెప్పుచున్నది ఇదియే. చికిత్స విషయమున చరకుడు చూపిన సూత్రము మరింత సొగసైనది. స్థూలునకు పెట్టవలసిన ఆహారము గురువుగాను, అతర్పణముగాను ఉండవలెనట. అనగా కడుపునకు నిండుగా ఉండవలెను, ఒంటికి పుష్టి కూర్చరాదు. పెసలు, ఉలవలు, కందులు, యవలు, అరికలు, పొట్లకాయ, ఉసిరిక ఆయన చెప్పిన పథ్యములలోనివి. ఇవన్నియు మన పెరటిలోను, మన అంగడిలోను ఉన్నవే గదా.

ఇచ్చట నేను కన్నులార చూచిన ఒక సంగతి చెప్పవలెను. నాతో పనిచేసిన లెక్కల మాస్టారు ఒకరికి ఆరేండ్ల క్రిందట పక్షవాతము సోకి కుడిప్రక్క పడిపోయెను. మనిషి భారీ విగ్రహము. మంచముమీదనుండి కుర్చీలోనికి దించవలెనన్నను, దొడ్డికి తీసికొనిపోవలెనన్నను భార్యయు కుమారుడును చెరియొక ప్రక్క పట్టవలసి వచ్చెడిది. ఆ ఇల్లాలికి అరువది దాటినవి. ఆమె నడుము పడిపోవు స్థితికి వచ్చెను. అది చూడలేక మాస్టారు ఒక నిశ్చయమునకు వచ్చెను. నలువది దినములు గంజి, పండ్లరసము, మంచినీరు తప్ప మరేమియు ముట్టలేదు. ఏడు కిలోలు తగ్గినాడు. బంధువులందరు మెచ్చుకొనిరి. కాని అంతకుముందు ఎడమచేత మంచపుకోడు పట్టుకొని లేచి కూర్చుండగలిగిన మనిషి, ఆ నలువది దినముల పిమ్మట లేవలేకపోయెను. ఇద్దరు పట్టవలసినచోట ముగ్గురు పట్టవలసి వచ్చెను. బరువు తగ్గినది, మోయువారికి భారము పెరిగినది.

కారణమేమి? ఆహారము మిక్కిలి తగ్గినప్పుడు దేహము కొవ్వును మాత్రమే కరిగించుకొనదు. కండను కూడ కరిగించుకొనును. అందును కదలిక లేని అవయవముల కండ మరింత త్వరగా కరగిపోవును. 2007లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ఆరోగ్యముగానున్న వృద్ధులను పది దినములు మంచముననే ఉంచి పరీక్షించిరి. వారు ఉపవాసములు చేయలేదు. అయినను పది దినములలో కాళ్ల కండ దాదాపు ఒక కిలో తగ్గిపోయెను. కదలిక లేకపోవుటయే ఇంత చేసినప్పుడు, దానికి పస్తులు కూడ తోడైనచో చెప్పవలసినదేమున్నది? యువకుడు పోగొట్టుకొన్న కండను మరల సంపాదించుకొనును. డెబ్బదియేండ్లవానికి అది కష్టసాధ్యము. మా మాస్టారు వైద్యుని సలహాపై పప్పు, పాలు, కూరలు మొదలుపెట్టి, కూర్చుండియే చేయు వ్యాయామములు సాధన చేసి, తిరిగి కోడు పట్టుకొని లేచుటకు ఐదు నెలలు పట్టినది. మనకు కావలసినది తక్కెడలోని అంకె కాదు. ఒకరి చేయి పట్టకుండ మంచముమీదనుండి లేవగలుగుట మనకు కావలెను.

లంఘనము పరమౌషధమను మాటను ఈ సందర్భమున చాలమంది ఉదాహరింతురు. కొత్త జ్వరమునందును, అజీర్ణమునందును ఆ మాటకు విలువ గలదు. ఏండ్ల తరబడి చేరిన కొవ్వునకు అది మందు కాదు. ఇక మన ఏకాదశి ఉపవాసములమాట. ఫలాహారమనగా పండ్లు తినుట. ఆ మాట పలహారమై, పలహారము ఉప్పుడుపిండియై, దోసెయై, నేతిలో వేగిన సగ్గుబియ్యపు వడయై కూర్చున్నది. అన్నము మానినామను తృప్తి ఒకటి, అన్నమునకు రెట్టింపు శక్తి కడుపులో పడుట ఒకటి. ఉపవాసము భక్తికొరకు చేయువారు చేయుదురు గాక. బరువు లెక్కలో దానిని వ్రాసికొనవలదు.

అయినచో చేయవలసినదేమి? మన తెలుగువారి భోజనక్రమమును ఒకసారి పరిశీలింతము. పప్పన్నముతో ప్రారంభింతుము. తరువాత కూరన్నము. పిమ్మట పులుసన్నమో చారన్నమో. చివరకు పెరుగన్నము. వంటకము మారినప్పుడెల్ల అన్నము మరల వడ్డింపబడును. కూరలు నంజుకొనుటకు వచ్చినవి, అన్నము కడుపు నింపుటకు వచ్చినది అన్నట్లుండును మన విస్తరి. శ్రమ చేయువానికి ఇది తగిన క్రమమే. కూర్చున్నవాడు దీనిని తిరుగవేయవలెను. మా ఇంట నేను అనుసరించుచున్న పద్ధతి చెప్పెదను. భోజనమునకు కూర్చుండకముందే అన్నమును ఒక చిన్న గిన్నెతో కొలిచి కంచములో పెట్టించుకొందును. 150 గ్రాముల అన్నము పట్టు గిన్నె అది. అందులో సుమారు 200 కెలోరీలుండును. ఆ అన్నమునే పప్పునకును కూరకును పంచుకొందును. మొదట కూరను ఉత్తదిగానే ఒక గిన్నెడు తిందును. చారును అన్నములో కాక గ్లాసులో పోయించుకొని త్రాగుదును. చివర పెరుగన్నమునకు బదులు పలుచని మజ్జిగ. మొదటి పదిదినములు ఏదియో వెలితిగానున్నట్లు తోచినది. తరువాత అలవాటు పడినది. ఏ వంటకమును మానలేదు. అన్నము మాత్రము నాలుగు మారులకు బదులు ఒకమారు వచ్చుచున్నది.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున ఒక చిన్న ప్రయోగశాలగా పుట్టి 1958లో హైదరాబాదునకు వచ్చినది. ఆ సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో, మన ఆహారమునుండి వచ్చు మొత్తము శక్తిలో ధాన్యముల వంతు నూటికి నలువదియైదు మించకుండుట మంచిదని చెప్పియున్నారు. మన పల్లెలలోని పెక్కు కంచములలో ధాన్యము అంతకు మించియే ఉన్నది. తగ్గించిన అన్నము స్థానమున రావలసినవి రెండు: కూరగాయలు, మాంసకృత్తులు గల ఆహారము. నూరు గ్రాముల సొరకాయలోను, బీరకాయలోను ఉండు శక్తి ఇరువది కెలోరీలకు మించదు. తోటకూర మొదలగు ఆకుకూరలలో ముప్పది నలువది. ఒక పెద్ద గిన్నెడు కూర తినినను రెండు ముద్దల అన్నమంత కాదు. కడుపు మాత్రము నిండును. చరకుడు చెప్పిన గురువును, అతర్పణమును అగు ఆహారము ఇదియే. అయితే అదే బీరకాయను నూనె పోసి వేపుడు చేసినచో ఈ మాట వర్తింపదు.

మాంసకృత్తుల విషయము మరువరాదు. కండను కాపాడునవి ఇవే. వయసు మీరినవారికి, తమ ఎత్తునకు తగిన బరువులో కిలోకు ఒక గ్రాము చొప్పున దినమునకు కావలెనని నేటి వైద్యులు చెప్పుదురు. అరువది కిలోలు ఉండవలసిన మనిషికి అరువది గ్రాములు. నలువది గ్రాముల కందిపప్పులోనో పెసరపప్పులోనో సుమారు తొమ్మిది గ్రాములుండును. ముప్పది గ్రాముల సెనగలను నానబెట్టి గుగ్గిళ్లు చేసికొన్నచో ఆరు గ్రాములు. అరలీటరు వెన్నతీసిన పాలలోనో, ఆ పాల పెరుగులోనో పదునైదు గ్రాములకు పైన. కోడిగ్రుడ్డు తిను అలవాటు గలవారికి ఒక గ్రుడ్డులో ఆరు గ్రాములు. చేపలు తినువారికి పులుసులో చేపముక్క మిక్కిలి మంచిది. డబ్బాలలో అమ్ము పొడులతో మనకు పనిలేదు. పప్పును ఉగాదికో అతిథి వచ్చిననాటికో గట్టిగా వండుట కాక, ప్రతిదినము గట్టిగా వండుకొన్నచో చాలును.

దినచర్య ఒకటి ఉదాహరణకు చెప్పెదను. ఉదయము తక్కువ నూనెతో కాల్చిన ఒక పెసరట్టు, లేదా రెండు ఇడ్డెనలు సాంబారుతో. పదకొండు గంటలకు ఒక గ్లాసు మజ్జిగ. మధ్యాహ్నము గిన్నెడు అన్నము, గిన్నెడు గట్టిపప్పు, రెండు గిన్నెల కూర, చారు, మజ్జిగ. సాయంకాలము గుప్పెడు గుగ్గిళ్లు, ఒక జామపండు. రాత్రి ప్రొద్దుపోకముందే రెండు చిన్న పుల్కాలో ఒక జొన్నరొట్టెయో, కూరతోను గిన్నెడు పెరుగుతోను. నూనె రోజంతటికి మూడు నాలుగు చిన్న చెంచాలు. నెలకు మనిషికి అరలీటరు. ఇది మొత్తము మీద 1300 కెలోరీల ప్రాంతమున ఉండును. వైద్యుని పర్యవేక్షణ లేనిదే 1200కు దిగువకు పోరాదు. ఇప్పుడు తినుచున్నదానికంటె దినమునకు 300 కెలోరీలు తగ్గించినచో చాలును. కిలో కొవ్వులో సుమారు 7700 కెలోరీలున్నవి గనుక నెలకు ఒక కిలో తగ్గును. నెలకు రెండు కిలోలు మించి త్వరపడవలదు. త్వరపడినవారికి కండ పోవుటయే కాక పిత్తాశయమున రాళ్లు పుట్టుట కూడ కలదు.

కొన్ని అపోహలు తొలగవలెను. జొన్నలు, రాగులు తినిన బరువు తగ్గుదురని నేడు ఊరూర వాడుక. జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల బియ్యములో సుమారు 356 కెలోరీలు, జొన్నలలో 334, రాగులలో 321 గలవు. భేదము స్వల్పము. వాటిలో పీచు ఎక్కువ గనుక త్వరగా ఆకలి కాకపోవచ్చును. రాగులలో సున్నము ఎక్కువ గనుక ఎముకలకు మంచిది. అంతేగాని సంకటి ముద్దలు మూడు తినినవాడు తగ్గడు. తేనెనీరు శాస్త్రములో చెప్పబడిన మాట నిజమే. కాని తేనెయందున్నది చాలవరకు చక్కెరయే. మధుమేహము గలవారు దానిని మందుగా భావింపరాదు. వేరుసెనగపప్పు గుప్పెడు, అనగా ముప్పది గ్రాములు తినిన 170 కెలోరీలు చేరును. మంచి వస్తువే గాని కొలిచి తినవలెను. అన్నిటికంటె కనబడని దొంగ తేనీరు. దినమునకు మూడు మారులు, మారునకు రెండు చెంచాల చక్కెర: దానితోనే 120 కెలోరీలు. నెమ్మదిగా చెంచా తగ్గించుకొనుచు రండి. రెండు నెలలలో నాలుక మరచిపోవును.

ఇక భద్రతను గూర్చిన మాటలు. దయచేసి వీటిని శ్రద్ధగా వినవలెను. మధుమేహమునకు ఇన్సులిన్ సూదిమందు తీసికొనువారు, చక్కెరను తగ్గించు మాత్రలు మ్రింగువారు, వైద్యునితో చెప్పకుండ ఆహారమును తగ్గింపరాదు. మందు పాతదే ఉండి అన్నము తగ్గినచో రక్తములో చక్కెర హఠాత్తుగా పడిపోయి, చెమటలు పట్టి, వణకు పుట్టి, స్పృహ తప్పవచ్చును. రక్తపుపోటు మాత్రలు కూడ బరువు తగ్గినకొలది మార్చవలసి రావచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారికి పప్పు, ఆకుకూరలు, పండ్లు ఎంత తినవలెనో వైద్యుడే చెప్పవలెను; నేను చెప్పిన కొలతలు వారికి చెల్లవు. మంచముననుండి ఒంటిపై పుండ్లు పడినవారు ఆ పుండ్లు మానువరకు బరువు తగ్గించు ప్రయత్నమే చేయరాదు. కీళ్లనొప్పులకు స్టెరాయిడు మందులు వాడువారికి ఆ మందువలననే ఒళ్లు రావచ్చును. అయినను దానిని తమంతట తాము ఒక్కసారిగా మానివేసినచో ప్రాణాపాయము.

మరి రెండు గుర్తులు. నాలుగు దినములలో రెండు కిలోలు పెరిగి, పాదములు వాచి, పడుకొన్న ఆయాసము వచ్చినచో అది కొవ్వు కాదు, నీరు. గుండెకో మూత్రపిండములకో సంబంధించిన వ్యాధి కావచ్చును. వెంటనే వైద్యుని కడకు పోవలెను. అట్లే, ఏ ప్రయత్నమును లేకుండ బరువు తగ్గుచున్నచో సంతసింపరాదు. క్షయ, మధుమేహము, పుట్టకురుపు మొదలగువాటి వలన కూడ అట్లు జరుగును. ఇంకొక సంగతి. దొడ్డికి పోవుట కష్టమని నీరు త్రాగుట తగ్గించు పెద్దలు, ముఖ్యముగా స్త్రీలు, అనేకులున్నారు. దానివలన మలబద్ధము, మూత్రవ్యాధులు కలుగును. గుండె, మూత్రపిండముల వ్యాధులున్నవని వైద్యుడు నీటిని తగ్గింపుమన్న వారు తప్ప, తక్కినవారు వెనుకాడక నీరు త్రాగవలెను. మంచమునకు దగ్గరగా మరుగుదొడ్డి కుర్చీ ఒకటి ఏర్పాటు చేయుట కుమారుల ధర్మము.

నడవలేనివారు బరువెట్లు తూచుకొందురు? మా ఊరిలో మేము చేసిన ఉపాయము చెప్పెదను. ధాన్యపు బస్తాలను తూచు కాటాపై ఒక కుర్చీ వేసి, దానిలో మనిషిని కూర్చుండబెట్టి తూచి, ఆ పిమ్మట కుర్చీ బరువును తీసివేయవలెను. కాటా దొరకనిచో ఒక దారము చాలును. బొడ్డు మట్టమున నడుముచుట్టు దారము చుట్టి ముడివేసి దాచుడు. నెలకొకసారి, ఉదయము, ఏమియు తినకముందు మరల చుట్టి చూడుడు. పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటినచో అది అధికమని మన దేశపు వైద్యుల మతము. ప్రతిదినము తూచుకొనుట మాత్రము వలదు. నీటి హెచ్చుతగ్గులు చూచి మనస్సు చెడును.

ఆహారముతోపాటు, కూర్చున్నచోటనే కండకు కొంత పని చెప్పవలెను. స్థూలకాయులగు వృద్ధులపై చేసి 2011లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఆహారము మాత్రమే తగ్గించినవారికంటె, ఆహారముతోపాటు వ్యాయామము చేసినవారికి కండ తక్కువ పోయినది. కదలు శక్తి ఎక్కువ కలిగినది. కుర్చీలో వెనుకకు ఆనుకొని కూర్చుండి ఒక కాలిని ముందునకు చాచి, ఐదు లెక్కించువరకు నిలిపి దింపవలెను. కాలికి పదిమారులు, పూటకు ఒకసారి. చిన్న చెంబులో సగము నీరు పోసి ఒక్కొక చేత మోచేతివరకు లేపి దింపవలెను. శక్తిగలవారు కుర్చీ చేతులను పట్టుకొని లేచి నిలిచి, మరల మెల్లగా కూర్చుండవలెను. మంచముననున్నవారు మడమను పరుపుపై జరుపుచు మోకాలిని మడచి చాపవచ్చును. మాటలాడలేనంత ఆయాసము వచ్చినను, రొమ్మున నొప్పి కలిగినను ఆపివేయవలెను.

చివరగా ఇంటివారికి ఒక మాట. మన ఇండ్లలో ప్రేమను ప్రకటించు భాష వడ్డన. పెద్దలకు కొసరి కొసరి వడ్డించనిచో కోడలికి తృప్తి కలుగదు. తల్లీ, మీ మామగారిపై ప్రేమ ఉన్నచో ఆ కొసరును అన్నముతో కాక కూరతో వడ్డింపుము. బంధువులు తెచ్చిన మిఠాయి పొట్లమును ఆయన మంచము ప్రక్కన పెట్టవలదు. పండుగనాడు ఒక బూరె పెట్టుము. ఒక బూరెతో ఏమియు మునుగదు. పదియవ బూరెతోనే వచ్చును చిక్కు. పెద్దలకును మనవి. మనలను లేపి కూర్చుండబెట్టు చేతులు మన భార్యలవి, కోడండ్రవి. వారి నడుములు కూడ అరుగుచున్నవి. మన కంచములో తగ్గించిన గిన్నెడు అన్నము వారికి మనము చేయు సహాయము. పథ్యమును శిక్షగా తలంపక, ఇంటికి మనము ఇంకను చేయగల ఉపకారముగా తలంచినచో, నోటిని కట్టుట అంత కష్టము కాదు.

ఎక్కడనుండి ప్రారంభింపవలెనని అడుగుదురేమో. రేపు మధ్యాహ్నము ఏమియు తగ్గింపవలదు. మీరు మామూలుగా తిను అన్నము ఎన్ని గిన్నెలో కొలిచి మాత్రము చూడుడు. మందులు వాడువారు ఈ వారములోనే వైద్యుని కలిసి, ఆహారము తగ్గింపదలచినానని చెప్పి సలహా పొందుడు. పై వారము నుండి ఆ గిన్నెలలో నాల్గవ వంతు తీసివేసి, దాని స్థానమున కూర పెట్టించుకొనుడు. ఒక నెల గడచిన పిమ్మట దారమును నడుమునకు మరల చుట్టి చూడుడు.